మన చేను – మన కంచము

ఒకనాటి ఉదయము తెలుగు తరగతిలో ఆహారమును గూర్చి వ్యాసము వ్రాయింపదలచి, ముందుగా పిల్లలను ఒక చిన్న ప్రశ్న అడిగితిని: "ఈ ఉదయము మీరేమి తింటిరి?" కొందరు ఇడ్లీ యనిరి, కొందరు దోసె యనిరి, ఒకరిద్దరు బన్ను, టీ అని చెప్పిరి. వెనుక వరుసలోని యొక బాలుడు కొంత తడవు మాటాడక, పిమ్మట మెల్లగా, "ఇడ్లీ సార్" అనెను. ప్రక్కనున్నవాడు ఊరకుండలేదు. "లేదు సార్, వీడు సంగటి తినె" అని బయటపెట్టెను. తరగతి యంతయు నవ్వెను. ఆ బాలుడు తల వంచుకొనెను.

నేను వానినే మరల అడిగితిని: "నాయనా, ఆ సంగటి రాగులు ఎక్కడివి?" వాడు తల యెత్తకుండగనే, "మా చేన్లోవే సార్. అనపకాయలు కూడా మా చేన్లోవే" అనెను. తరువాత ఇడ్లీ తిన్నవారిని అదే ప్రశ్న అడిగితిని. ఆ బియ్యము ఏ యూరి పంటయో, ఆ మినుములు ఏ నేలలో మొలచినవో తరగతిలో ఒక్కరును చెప్పలేకపోయిరి. తన కంచములోని గింజకు ఊరు చెప్పగలిగినవాడు తల వంచుకొన్న ఆ బాలుడొక్కడే!

ఆ సిగ్గును నేనును ఎరుగుదును. పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన కాలమున, మూడు పూటలు వరియన్నము తిను తోటివారు నా సంగటి మాట విని పరిహసింపగా, శిక్షణ ముగియువరకు ఆ మాట మరల ఎత్తనైతిని. కావున ఈ పాఠము నా విద్యార్థులకే కాదు, నాకును అవసరమైనదే. మన చుట్టును పండిన దానినే తిని బ్రదుకుట సాధ్యమా? అందులోని కష్టములెవ్వి? ఫలములెవ్వి? ఈ ప్రశ్నలను మన హోసూరు, కృష్ణగిరి సీమలను కన్నుల ముందుంచుకొని విచారింతము.

మన నేల, మన పంటలు

మన సీమకు పూర్వులు పెట్టిన పేరు మొరసునాడు. హోసూరు, కృష్ణగిరి, కోలారు, బెంగళూరు ప్రాంతములు ఇందు చేరినవి. హోసూరు సముద్ర మట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. అక్కడనుండి కృష్ణగిరికి పోవు దారి పీఠభూమినుండి మైదానమునకు దిగు మెట్టువంటిది. మన జిల్లా 2004 ఫిబ్రవరిలో ధర్మపురి జిల్లానుండి వేరుపడి ఏర్పడినది. ఇక్కడ ఏటి వర్షపాతము సుమారు 850 మిల్లీమీటర్లు. దక్షిణ పినాకిని మన నడుమ ప్రవహించుచున్నను, మన చేలలో పెక్కు మెట్టచేలే.

ఇట్టి నేలకు తగిన పంట రాగి. తమిళనాడులో రాగి మిక్కిలిగా పండు జిల్లా మనదే. రాగి చేనిలో సాళ్ళు విడిచి అనప, ఆవ, ఆముదము, జొన్న కలిపి విత్తుట ఇక్కడి పాత పద్ధతి. వాన వెనుదీసి ఒక పైరు చెడినను మరియొకటి నిలుచునని పెద్దల యూహ. రాగి తరువాత ఉలవ, సామ, వేరుసెనగ చెప్పదగినవి. చెరువుల క్రిందను, 1950ల దశకమున కట్టిన కృష్ణగిరి జలాశయము క్రిందను వరి పండును. రాయకోట ప్రాంతమున తక్కాళి, తళి వైపున కోసుగడ్డ మొదలగు కూరలు, కృష్ణగిరి చుట్టును మామిడి, చింత ప్రసిద్ధములు.

కాని ఒక విశేషము గమనింపుడు. మన నేలలో పండునదంతయు మన కంచమునకు వచ్చుట లేదు. మామిడిలో అధికభాగమైన తోతాపురి గుజ్జు కర్మాగారములకు పోవుచున్నది. హోసూరు రోజాపూలు విమానమెక్కి దేశాంతరములకు పోవుచున్నవి. ఒకప్పటి చేలలో కొన్ని పూలతోటలైనవి. కొన్ని ఇండ్ల స్థలములైనవి. రైతునకు నాలుగు కాసులు మిగులు పంటను వేయవలదని మనము చెప్పజాలము. అయినను ఇంతటి పంటల సీమలో నుండియు మన కంచమును దూరపు లారీకి అప్పగించితిమేమో యని ఆలోచింపవలసియున్నది.

రాగి కథ

"రాగి మన తాతముత్తాతల పంట, తక్కాళి నిన్న మొన్నటి పంట" అని తఱచుగా వినుచుందుము. నిజమునకు రాగియు ఒకప్పుడు అతిథియే. దాని పుట్టిల్లు తూర్పు ఆఫ్రికాలోని ఇథియోపియా, ఉగాండా దేశముల మెట్ట భూములు. వేల యేండ్ల క్రిందట అది సముద్రము దాటి మన దేశమున కాలూనినది. మిరపయు, వేరుసెనగయు, తక్కాళియు అమెరికా ఖండమునుండి పదునారవ శతాబ్దము మొదలుకొని వచ్చినవి. కనుక "స్థానికము" అనగా పుట్టుక కాదు. ఈ నేలతో, ఈ వానతో, ఈ జనముతో కుదిరిన పొత్తు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున కర్ణాటక శాస్త్రజ్ఞుడు లక్ష్మణయ్యగారు భారతదేశపు రాగిని ఆఫ్రికా రాగితో సంకరము చేసి, "ఇండాఫ్" అను అధిక దిగుబడి రకములను సృష్టించిరి. వేల యేండ్ల క్రిందట విడిపోయిన బంధువులను మరల కలిపినట్లయినది. మన కావేరిపట్టణము చెంత పైయూరులోని వ్యవసాయ పరిశోధన కేంద్రమువారును మెట్టచేలకు తగిన రాగి, ఉలవ రకములను వెలువరించిరి.

సాహిత్యమునందును ఈ ధాన్యముల తగవు కలదు. శ్రీనాథ మహాకవి పలనాటి సీమకు పోయి, అక్కడ సన్నబియ్యము దొరకక జొన్నకూడు తినవలసి వచ్చినందులకు విసుగుచెంది చాటువులు చెప్పెనని ప్రసిద్ధి. కవిసార్వభౌముని నాలుకకు గూడ పొరుగు సీమ తిండి రుచింపలేదన్నమాట! కన్నడమున కనకదాసు రచించిన "రామధాన్య చరితె" దీనికి జవాబువలె నున్నది. లంకనుండి మరలివచ్చుచున్న శ్రీరాముని యెదుట వరియు రాగియు నేను గొప్ప యనగా నేను గొప్ప యని వాదులాడినవట. రెండింటిని ఆరు నెలలు చెరలో నుంచగా, వరి క్షీణించినది. రాగి చెక్కు చెదరక నిలిచినది. పేదల ధాన్యమునకు గౌరవము కల్పించిన కావ్యమిది. కథలోని పరీక్ష వట్టి కల్పన కాదు. రాగిగింజకు పురుగు సులభముగా పట్టదు. పాతరలో పోసి మూసిన రాగి సంవత్సరముల తరబడి చెడక నిలుచును. రాగి తినువానికి తిండిగింజ మాత్రమే కాదు, కరవునాటి ధనము గూడ దొరకినట్లే.

శరీరమునకు రాగి చేయు మేలు లెక్కలతో చెప్పదగినది. నూరు గ్రాముల రాగిలో కాల్షియము సుమారు 340 మొదలు 360 మిల్లీగ్రాములు. మరపట్టిన బియ్యమున సుమారు 10 మిల్లీగ్రాములు మాత్రమే. గింజ మిక్కిలి చిన్నదగుటచే రాగిని తవుడు తీయక పొట్టుతోనే విసరుదుము. అందువలన పై పొరలోని సారము పోదు. బియ్యమును తెల్లగా మరపట్టి తిన్నచోట బి1 విటమిను కొరతచే "బెరిబెరి" అను వ్యాధి కలిగెడిది. ఆంధ్ర కోస్తా జిల్లాలలో అది ఒకప్పుడు మిక్కుటముగా నుండెను. ఆ వ్యాధి పరిశోధనకై 1918లో కూనూరున ప్రారంభమైన చిన్న శాఖయే తరువాత 1958లో హైదరాబాదునకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థయైనది.

అయినను రాగి ఒక్కటే చాలదు. దాని మాంసకృత్తులలో లైసిన్ అను అంశము తక్కువ. అనపలోను, ఉలవలోను ఆ లైసిన్ సమృద్ధిగా నున్నది. వానిలో తక్కువైన మెథియొనిన్ రాగిలో నున్నది. ఒకదాని కొరత మరియొకటి తీర్చుచున్నది. సంగటిలోనికి పితికిన పప్పును, ఉలవచారును ఏర్పరచిన మన అవ్వలు రసాయనశాస్త్రము చదువలేదు. చేనిలో ప్రక్కప్రక్క సాళ్ళలో పెరిగిన వానిని కంచములోను ప్రక్కప్రక్కన పెట్టిరి.

ఒక వారపు ప్రయత్నము

పైని చెప్పిన తరగతి పిల్లలు, ఆ నవ్వు చల్లారిన పిమ్మట, ఒక వారము మన సీమలో పండినవే తిందమని పూనుకొనిరి. సంక్రాంతి వెళ్ళిన వారమును ఎంచుకొంటిమి. రాగి కల్లము చేరి, అనపకాయలు విరివిగా దొరకు కాలమది.

మొదటి తగవు హద్దును గూర్చి వచ్చినది. "మన జిల్లాలో పండినది" అని నేను హద్దు పెట్టగా ఒక బాలిక లేచి, "సార్, మా మామ చేను ఆనేకల్లు పక్కనుంది. అక్కడి రాగులు మావి కావా?" అని అడిగినది. ఆనేకల్లు కర్ణాటకములో నున్నది; కాని హోసూరునకు కృష్ణగిరి కంటె ఎంతయో దగ్గర. బాలిక మాట నిజము. గీతలు రాష్ట్రములకే కాని పైరులకు లేవు. అంతట హోసూరునకు కృష్ణగిరి యెంత దూరమో అంత, అనగా సుమారు 50 కిలోమీటర్లు, నలుదిక్కులకు హద్దుగా నిర్ణయించితిమి.

ఇట్టి ప్రయత్నము మనకే క్రొత్త కాదు. 2005లో కెనడా దేశపు వాంకూవరు నగరమున ఆలిసా స్మిత్, జె. బి. మెకిన్నన్ అను రచయితలిద్దరు ఒక సంవత్సరముపాటు నూరు మైళ్ళలోపల పండిన దానినే తినుటకు వ్రతము పట్టి, దానిని గ్రంథముగా వ్రాసిరి. వారికి గోధుమపిండి దొరకక, నెలల తరబడి బంగాళాదుంపలతో గడపవలసి వచ్చినది. మనకు ప్రధాన ధాన్యము ఇంటి ముంగిటనే యున్నది. ఈ భాగ్యము ఎల్లరకు లేదని వారి కథవలన తెలియుచున్నది.

కష్టములు

వారము గడచులోపల పిల్లలు తెచ్చిన చిక్కులను ఇక్కడ వ్రాయుచున్నాను.

మొదటిది ఉప్పు. మన నేల ఎంత చల్లనిదైనను ఉప్పు పండింపజాలదు. అది సముద్రతీరమునుండియే రావలెను. అంతేకాదు, అయోడిను కొరతచే గళగండము రాకుండుటకై ఉప్పులో అయోడిను కలుపుచున్నారు. 1962 నుండి మన దేశమున గళగండ నివారణ కార్యక్రమము నడుచుచున్నది. దూరపు వస్తువు ఆరోగ్యమునకు అవసరమని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

రెండవది కాఫీ, టీ. పిల్లలు మానినను పెద్దలు మానలేదు! ఒక తండ్రి నాలుగవనాడు వ్రతభంగము చేసెనని కుమార్తె మిక్కిలి గంభీరముగా నివేదించినది.

మూడవది శ్రమ. రాగిని మరలో పట్టించిన చాలును. సామలను పొట్టు తీసి తినవలెను. ఒకప్పుడు రోలు, రోకలి ఇంటింట నుండెను. నేడు సామలు దంచువారు అరుదు. పితికిన పప్పునకు అనపగింజలు రాత్రి నానవేసి ఉదయము ఒక్కొక్క గింజ పితుకవలెను. ఈ పని యంతయు తల్లులమీదను అవ్వలమీదను పడినదని బాలికలు చెప్పిరి. మగపిల్లలు కూర్చుండి గింజలు పితికిన ఇండ్లలో మాత్రమే ఆ వారము సంతోషముగా గడచెను. స్థానికాహారమును పొగడుచు దాని శ్రమను ఆడువారికి విడిచిపెట్టుట న్యాయము కాదు.

నాలుగవది ఋతువు. పుష్యమాసమున అనప కలదు, మామిడి లేదు. వైశాఖమున మామిడి కలదు, ఆకుకూర తక్కువ. ఏడాది పొడవునను ఒకే కూర కోరువానికి ఈ వ్రతము సాగదు. చింతపండు, వేరుసెనగ, ఉలవలు, వడియములు, ఊరగాయలు దాచుకొనువాడే ఏడాది దాటగలడు. దాచుట తెలియనివానికి స్థానికాహారము మూడు నెలల ముచ్చట.

ఐదవది ధనము. తమిళనాడులో 2011 నుండి చౌక దుకాణములలో కార్డుదారులకు బియ్యము ఉచితముగా నిచ్చుచున్నారు. ఎన్నో ఇండ్లలో ఆకలిని పారద్రోలిన మేలును మరువరాదు. కాని ఉచితముగా వచ్చు బియ్యమును విడిచి రాగిని కొనుమని కూలివానికి చెప్పుట సులభము కాదు. 2023లో ధర్మపురి, నీలగిరి జిల్లాలలో బియ్యమునకు మారుగా రెండు కిలోల రాగిని చౌక దుకాణముల ద్వారా ఇచ్చు పద్ధతి ప్రారంభమైనది. ఐక్యరాజ్యసమితి ఆ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించియుండెను. చేనికిని కంచమునకును నడుమ ప్రభుత్వము వేయగల వంతెన యిట్టిదే.

ఫలములు

కష్టములు ఐదు చెప్పితిని. ఫలములు మూడు చెప్పెదను. అవి తూకమునకు తక్కువ కావు.

మొదటి ఫలము నీరు. వరి పైరునకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెను. మన సీమలో ఏటికి కురియు వాన దానికి చాలదు. తక్కువైన దానిని చెరువునుండియో, జలాశయమునుండియో, భూగర్భమునుండియో తోడవలెను. రాగికి సుమారు 350 మొదలు 500 మిల్లీమీటర్లు చాలును. ఆకాశము ఇచ్చినదానితోనే రాగి తృప్తి పడుచున్నది. కనుక మనము ఒక పూట సంగటి తినుట, ఆ మేరకు మన బావికి విశ్రాంతి నిచ్చుట.

రెండవ ఫలము ఆరోగ్యము. దీనిని ముందే చెప్పితిమి. ఎదుగు పిల్లలకు ఎముకల పుష్టి, అనప, ఉలవలతో మాంసకృత్తులు, మునగాకుతో విటమినులు, ఇంటి పాలతో మిగిలిన సారము మన చుట్టునే యున్నవి.

మూడవ ఫలము తెలుగు పంతులునైన నాకు ప్రాణప్రదమైనది. అది మాట. ఆ వారము ఆ బాలుని అవ్వను పాఠశాలకు పిలిపించితిమి. విత్తనపు రాగివెన్నులను ఎట్లు ఏరవలెనో ఆమె చెప్పుచుండగా పిల్లలు వ్రాసికొనిరి. కల్లము, తూర్పెత్తుట, గుంటక, చాట, పాతర, నూర్పిడి ఇట్టి మాటలు ఆమె నోట ధారగా వచ్చినవి. అందు సగము మా పిల్లలు ఏ పుస్తకమునందును చూడలేదు. మన సీమలో తెలుగు బడిలోకంటె చేనిలో ఎక్కువగా బ్రదికినది. చేను పోయినచో పైరు ఒక్కటే పోదు. దానితో వంద మాటలు పోవును. వస్తువు కంటికి కనబడనిచో దాని పేరు నిఘంటువులో నున్నను నాలుక మీద నుండదు. అల్పసంఖ్యాక భాషకు ప్రభుత్వపు ఉత్తరువు ఎంత రక్షయో, ఇంటి కంచము గూడ అంత రక్ష.

చరిత్ర చేయు హెచ్చరిక

ఇక రెండవ వైపు చూడవలెను. మన చేనినే నమ్మి, తలుపులు మూసికొని యుండుట క్షేమమా? చరిత్ర కాదని చెప్పుచున్నది. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మహాక్షామము దహించెను. పెద్దలు దానిని ధాత కరవు అనిరి. హోసూరు అప్పుడు సేలము జిల్లాలో నుండెను. సేలము మిక్కిలి బాధపడిన జిల్లాలలో నొకటి. మన పొరుగున మైసూరు రాజ్యమున జనాభా సుమారు ఐదవ వంతు తరిగిపోయెను. వానలు వెనుదీయగా మెట్టపైరులు మాడిపోయెను. పశువులు చచ్చి బండ్లు కదలలేదు. దూరమున ధాన్యమున్నను దానిని కొనుటకు కూలివారిచేత డబ్బు లేదు. తన చుట్టుపట్ల పండినదే గతియైనవానికి పంట చెడిన సంవత్సరమున వేరు గతి లేకపోయెను.

ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో తిరుపత్తూరునుండి కృష్ణగిరికిని, మొరప్పూరునుండి ధర్మపురి మీదుగా హోసూరునకును సన్నపట్టాల రైలుమార్గములు వేసిరి. కరవు సమయమున ధాన్యమును చేరవేయుట వాని ముఖ్యోద్దేశములలో నొకటి. అవి తరువాత మూతపడినవి. అయినను దూరపు ధాన్యము ప్రాణము నిలుపునను పాఠము మిగిలినది.

ఆ క్షామము ముగిసిన 1878వ సంవత్సరముననే, డిసెంబరు 10వ తేదీన, హోసూరు చెంత తొరపల్లి గ్రామమున చక్రవర్తి రాజగోపాలాచారిగారు జన్మించిరి. వారు మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రియైన పిమ్మట 1952 జూన్‌లో ఆహారధాన్యముల మీది నియంత్రణను తొలగించిరి. నిర్బంధముగా ధాన్యమును ఒకచోట కట్టివేయుట వేరు. ఇష్టపూర్వకముగా మన చేని గింజను ముందు తినుట వేరు. మొదటిది గోడ; రెండవది మర్యాద.

నీటి పాఠము

"మన యూరిది గావున మంచిది" అనుటయు ఎల్లప్పుడు సత్యము కాదు. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలలో అనేక గ్రామముల భూగర్భజలమున ఫ్లోరైడు అధికముగా నున్నది. అట్టి నీరు ఏండ్ల తరబడి త్రాగినవారి పండ్లు మచ్చలు పడును. ఎముకలు బిగిసి వంగిపోవును. ఈ వ్యాధి భారతదేశమున మొదట గుర్తింపబడినది తెలుగునాటనే, 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. మన జిల్లాలకు కావేరి నీటిని హొగెనకల్ నుండి తెచ్చు పథకము 2013లో ప్రారంభమైనది. ఇక్కడ దూరపు నీరు అమృతము, ఇంటి బావి నీరు విషము.

దక్షిణ పినాకిని సంగతియు అట్టిదే. నంది కొండల ప్రాంతమున పుట్టిన ఈ నది బెంగళూరు వైపునుండి వచ్చు మురుగును, పరిశ్రమల వ్యర్థములను మోసికొని మన కెలవరపల్లి జలాశయమునకు చేరుచున్నది. జలాశయమున నురుగు తేలుట పలుమార్లు వార్తలకెక్కినది. ఆ నీటితో పెరిగిన కూర మన యూరిదే; కాని తినువానికి సందేహము. దగ్గరగా పండినది తినువానికి ఒక బాధ్యత వచ్చును. దూరపు నది పాడైన మనకు తెలియదు; దగ్గరి నది పాడైన అది మన కంచములోనికే వచ్చును. కావున స్థానికాహారము కోరువాడు నదిని గూర్చి అడుగక తప్పదు.

దూరమును గూర్చి గూడ ఒక మాట. ఆహారమును దగ్గరినుండి తెచ్చుకొన్నచో వాతావరణమును చెరుపు పొగ చాల తగ్గునని కొందరందురు. 2008లో అమెరికాలో వెలువడిన యొక పరిశోధన, ఆహారమువలన కలుగు పొగలో రవాణా వంతు దాదాపు పదవ వంతు మాత్రమేనని, అధికభాగము పండించునప్పుడే కలుగుచున్నదని తేల్చినది. కనుక ఎంత దూరమునుండి వచ్చెననుటతోపాటు, ఎట్లు పండెననియు అడుగవలెను.

తేలిన సారము

విద్యార్థులారా, ఈ విచారణవలన తేలినది నా మాటలలో చెప్పెదను. మన చుట్టును పండినదే తినవలెనను పట్టుదల కంటె, మన చుట్టును పండినది ముందు తినవలెనను క్రమము మేలు. ప్రధాన ధాన్యమును, పప్పును, కూరను, పాలను మన సీమనుండి గ్రహింతము. ఉప్పును, మందును, కరవునాటి ధాన్యమును దూరమునుండి కృతజ్ఞతతో స్వీకరింతము. మన యూరిదైనను చెడినదానిని విడుతము; విడుచుటతో ఆగక, దానిని బాగుచేయుమని అడుగుదము. అన్నిటికంటె ముందు, మన కంచములోని దానికి ఊరు పేరు తెలిసికొందము. ఎవరి చేను మనలను పోషించుచున్నదో ఎరుగనివాడు ఆ చేను అమ్ముడుపోయిన నాడును ఎరుగడు.

వారము ముగిసిన మరునాడు తరగతిలో అదే ప్రశ్న మరల అడిగితిని. వెనుక వరుసలోని బాలుడు, "సంగటి, పితికిన పప్పు సార్. రాగులు మావి, అనపలు ఈసారి మా పక్కచేన్లోవి" అని చెప్పెను. అనపలు తమవి కావని తానై చెప్పుట నాకు నచ్చినది. ఎవ్వరును నవ్వలేదు. వాని ప్రక్కనుండినవాడు మాత్రము, "మా యింట్లో పితికిన పప్పు ఎప్పుడు చేస్తారో" అని తనలో తాననుకొనెను.

అభ్యాసము

1. నిన్నటి మూడు పూటల భోజనమున మీరు తిన్న వస్తువుల పట్టిక వ్రాయుడు. ఒక్కొక్కటి ఏ యూరినుండి వచ్చినదో ఇంటివారిని, అంగడివారిని అడిగి యెదుట వ్రాయుడు. తెలియనిచోట ఖాళీ విడువుడు, ఊహించి నింపవలదు.

2. రాగి విత్తినది మొదలు సంగటి యగువరకు జరుగు పనులకు మీ అవ్వ, తాత వాడు మాటలను సేకరించి అకారాది క్రమమున కూర్పుడు.

3. "మన యూరిది" మంచిది కాని సందర్భమొకటి, దూరపుది మేలైన సందర్భమొకటి మీ అనుభవమునుండి వ్రాయుడు.

4. మీ యింట ఒక పూట పప్పు పితుకుటకు గాని, రాగి చెరుగుటకు గాని సాయపడి, ఎంత సేపు పట్టినదో గుర్తించి తరగతిలో చెప్పుడు. ఈ ప్రశ్న ముఖ్యముగా బాలురకు.